పచ్చ బటన్

"ఆ సుత్తి తరవాత ఎతుక్కుందువు గానీ, ముందు పైకి రా మావా," అని నూకరత్నం ఇప్పటికి ఎన్నోసారో అంటోంది, కింద గోతిలో ఉన్న గౌరునాయుడు మాత్రం తల కూడా ఎత్తడం లేదు, చెరుకు గడలను మిల్లులోకి లాక్కుపోయే ఇనుప పలకల కేరియర్ కింద మోకాళ్ల మీద కూర్చుని, ఇంట్లో మంచం కిందికి పోయిన చెప్పును వెతుక్కునే మనిషిలా తీరుబడిగా చెయ్యి దూర్చి తడుముతున్నాడు. గొయ్యి ఫ్యాక్టరీలోనే ఉంది, కానీ దాని అంచున వాళ్ల క్వార్టరు పొయ్యిగట్టు ఉంది, పొయ్యి మీద పాలగిన్నె ఉంది, పాలగిన్నె వెనక మిల్లు హౌసు స్తంభాలు పైపైకి పోయి ఎక్కడో పొగలో కలిసిపోతున్నాయి. వెలుగు ఎటునుంచి వస్తోందో తెలియదు. పొద్దున్న వెలుగూ కాదు, సాయంత్రం వెలుగూ కాదు, చెరువులో మునిగి పైకి చూస్తే కనిపించేలాంటి పసుపు వెలుగు.

అతను చచ్చిపోయాడని నూకరత్నానికి తెలుసు. పోయిన దసరాకి, ఆయుధపూజ నాడు, ఇదే గోతిలో, ఈ కేరియర్ కిందే పోయాడు. ఆ సంగతి కలలో కూడా ఆమె మర్చిపోలేదు. ఇప్పుడు ఒళ్లు మండుతున్నది అందుకు కాదు. పైన పంతులుగారు పీట మీద కూర్చున్నారు, స్విచ్ బోర్డుకి బంతిపూల దండ వేశారు, ఈ ఏడాది కేరియర్ తిప్పే పచ్చ బటన్ నొక్కడానికి, మొగుడి జ్ఞాపకంగా, ఆమెనే పిలిచారు. ఆ మొగుడేమో గోతిలోంచి కదలడం లేదు.

"పాలు పొంగిపోతన్నాయే, సూడు," అంటాడు అతను కింద నుంచి.

"పాలు నాకు అవుపడతన్నాయి. నువ్వు అవుపడతన్నావా ఆళ్లకి? అది సెప్పు."

"ఎవులికి?"

"పైనున్నోళ్లకి. బటన్ కాడున్నోళ్లకి."

"ఓ, ఆళ్లా. ఆళ్లు పూజలో ఉన్నారు కదేటే," అంటాడు, అదేదో వాళ్లు పక్క ఊళ్లో ఉన్నట్టు, మళ్లీ చెయ్యి దూరుస్తాడు.

నూకరత్నం పాలగిన్నె దించుతుంది, దించగానే అది పొయ్యి మీదే ఉంటుంది, మళ్లీ దించుతుంది. మిల్లు హౌసులో డప్పులు మొదలవుతాయి. గానుగ మొదలయ్యే ముందు ప్రతి ఏడూ ఇంతే. వేసవి అంతా యంత్రాలు విప్పి, తుడిచి, బిగించి, ఆయుధపూజ నాటికి పనివాళ్లందరూ తమ చేతి సామాను కడిగి పసుపు రాసి అమ్మవారి ముందు పెడతారు, గుమ్మడికాయ కొడతారు, గంట మోగిస్తారు, అప్పుడు ఒక్కటంటే ఒక్క చుట్టు కేరియర్ తిప్పుతారు. అది తిరిగితే ఆ ఏడాదంతా చెరుకు ఆడుతుందని నమ్మకం.

"బాత్రూము కొళాయి బాగు సేయించినావా?" అని అడుగుతాడు గౌరునాయుడు.

"ఏడాదయింది మావా నువ్వెళ్లి. కొళాయి మార్పించినాను."

"ఎవులు మార్సినారు?"

"పోలయ్య చిన్నాన్న."

"ఆడికేటి తెలుసు కొళాయిలు. వాషరు తిరగేసి ఎట్టుంటాడు. కారతన్నాదా?"

కారుతోంది నిజమే. ఆ మాట ఇప్పుడు ఈ మనిషితో ఒప్పుకోవడం నూకరత్నానికి ఇష్టం లేదు. "మనం కొళాయి గురించి మాటాడతన్నామా," అంటుంది. "నీ తాళం ఏది? నాకు ముందు అది సెప్పు."

ఆ మాట అనగానే పొయ్యిగట్టు పోయి దాని చోట స్విచ్ బోర్డు నిలబడుతుంది. ప్రతి ఫిట్టరుకీ సొంత తాళం ఒకటి ఉంటుంది. యంత్రంలోకి దిగేవాడు ఆ తాళాన్ని బోర్డు కొక్కేనికి వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగుతాడు. తాళం వేలాడుతున్నంతసేపూ ఎవరెంత నొక్కినా పచ్చ బటన్ పని చెయ్యదు. ఇప్పుడు బోర్డు మీద కొక్కేలన్నీ ఖాళీగా ఉన్నాయి, ఒక్కో కొక్కేనికి ఒక్కో బంతిపువ్వు గుచ్చి ఉంది.

"అమ్మవారి ముందెట్టినాను," అంటాడు అతను, కాస్త గర్వంగా. "అందరి తాళాలూ అక్కడే ఉన్నాయి. పసుపు రాసి బొట్టు కూడా ఎట్టినాను."

"తాళం అమ్మవారి కాడెట్టి నువ్వు గోతిలోకి దిగినావా?"

"మరి నా సుత్తి ఇక్కడుండిపోయింది కదేటే. అందరి సామానూ వొచ్చింది, గౌరునాయుడి సుత్తి రానేదని అమ్మవారు సూడదేటి?"

"అమ్మవారికి నీ సుత్తితో పనేటి మావా. ఆవిడ సేతిలో శూలం నేదా?"

అతను నవ్వుతాడు. ఏడాదిగా వినని నవ్వు అది, విని ఏడవాల్సింది పోయి నూకరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "నిన్ను తాగున్నాడన్నారు, తెలుసా నీకు?"

"నేను తాగనే."

"నాకు సెప్తావేటి. పైకొచ్చి ఆళ్లకి సెప్పు. తాగి దిగినాడని ఒకడు, కళ్లు తిరిగి పడ్డాడని ఒకడు. ఎంక్వయిరీలో ఒక్కడు పూజ మాట ఎత్తనేదు. పండగ మీదకి మాట రాకూడదంట. నీ మీదకి వొస్తే పర్లేదంట."

"పోనీలే. ఆళ్లూ మనోళ్లే కదా."

ఆ 'పోనీలే' అనే మాట అతనితో కాపురం చేసినన్నాళ్లూ విన్నది, ఇప్పుడు విన్న తరవాత నూకరత్నం ఇంక ఆగదు, గోతిలోకి దిగిపోతుంది. మెట్లు దిగుతుంటే మెట్లు మోటారుసైకిల్ వెనక సీటు అవుతాయి, ఆమె చేతులు అతని నడుం చుట్టూ ఉంటాయి, ఇనుప పలకల కేరియర్ రోడ్డులా ముందుకు సాగిపోతుంటే ఇద్దరూ దాని మీద పోతుంటారు, రెండు పక్కలా ఇంకా నరకని చెరుకు నిలబడి ఉంటుంది. దూరంగా నూకాలమ్మ గుడి గోపురం కనిపిస్తుంది. ఏం జరగబోతోందో ఆమెకు తెలుసు.

"ఒగ్గకు," అంటుంది చెవిలో. "హేండిలు ఒగ్గకు మావా. నీకు దండమెడతాను, ఒగ్గకు."

గుడిలో గంట మోగుతుంది. అతను రెండు చేతులూ హేండిలు వదిలేసి, కళ్లు మూసుకుని, గుడివైపు తిరిగి భక్తిగా దండం పెడతాడు. బండి తన దారిన తాను ఊగుతూ పోతుంది.

బతికి ఉండగానూ అదే వరస. ఒకసారి గేదెల మందలోకి దూర్చాడు, ఒకసారి కల్వర్టు మీదనుంచి కాలవలోకి దించాడు, తడిసిన చీరతో ఆమె తిడుతుంటే, "అమ్మ కాపాడింది సూసినావా, లోతు నేదు," అన్నాడు. గంట విన్నాక చేతులు జోడించకుండా ఉండటం ఆ మనిషి వల్ల కాదు.

బండి ఆగదు, పడదు కూడా. ఎక్కడో రోడ్డు వంగి, మెలి తిరిగి, మళ్లీ మిల్లు హౌసు అవుతుంది, నూకరత్నం ఒక్కతే బోర్డు ముందు నిలబడి ఉంటుంది. పక్కన యూనియన్ పెద్ద పోలయ్య, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో పూజగంట పట్టుకుని ఉన్నాడు. వెనక మనుషులు, ముఖాలు ఆనవు, డప్పులు మాత్రం గుండెల్లో మోగుతున్నట్టున్నాయి.

"రా అమ్మీ, బేగి రా. ముహూర్తం అయిపోతన్నాది," అంటాడు పోలయ్య.

"లోపల మనిషున్నాడు చిన్నాన్నా."

"పూజకాడ అలాటి మాటలనకూడదు."

"సైరన్ వేయించు. రోజూ యంత్రం తిప్పేముందు వేస్తారు కదా, ఇనపడితే లోపలున్నోడు పైకొస్తాడు."

"పండగపూట సైరనేటమ్మీ," అంటాడు పోలయ్య విసుగ్గా. "మనిషికి దెబ్బ తగిలినా వేసేది ఆ కూతే. ఏటేటా పండగనాడు సైరన్ బదులు గంటే కొడతన్నాం కదా."

నూకరత్నం అతని చేతిలోని గంటకేసి చూస్తుంది. అక్కడి నుంచి కదలకుండానే గోతిలో ఉంటుంది. గౌరునాయుడు ఆమెకు ఎదురుగా, సుత్తి దొరికినట్టుంది, ఒళ్లో పెట్టుకుని, గ్రీజు మరకలు తుడుస్తున్నాడు.

"మావా. ఆయేళ గంట ఇనపడ్డాదా నీకు?"

"ఇనపడకేటి. బాగా ఇనపడ్డాది."

"మరి పైకి రానేదేటి?"

కొళాయి గురించీ పాల గురించీ అంతసేపు మాట్లాడిన మనిషి మొదటిసారి జవాబు చెప్పడానికి తడుముకుంటాడు. "హారతనుకున్నానే," అంటాడు చివరికి. "సైరన్ బదులు కొట్టినారని తట్టనేదు. హారతి ఇస్తన్నారు, నేనేటో గోతిలో ఉండిపోయినానని... ఇక్కడి నుంచే దండమెట్టుకున్నాను."

"గోతిలో."

"సేతులు నల్లగా ఉన్నాయని గుడ్డతో తుడుసుకుని మరీ ఎట్టినాను."

"కళ్లు మూసుకున్నావా?"

"మూసుకోకుండా దండం ఎలా ఎడతారే?"

ఏడాదిపాటు దాచుకున్నవి ఆమె దగ్గర చాలా ఉన్నాయి. నొప్పి పుట్టిందా అని అడగాలనుకుంది, నన్ను తలుచుకున్నావా అని అడగాలనుకుంది, క్యాంటీన్లో నాకు నీ బదులు పనిచ్చారని, అక్కడి నుంచి చూస్తే ఈ గొయ్యే కనబడుతుందని చెప్పాలనుకుంది. నోట్లోంచి వచ్చింది మాత్రం, "నీకు బుద్ధుందా మావా," అన్న మాటే. అతను తల వంచుకుని వింటాడు. కాలవలో పడ్డ రోజున కూడా ఇలాగే విన్నాడు.

"పోనీలే," అంటాడు. "ఈపాలి నిన్ను నొక్కమన్నారు కదా. ఎల్లి నొక్కు. నువ్వయితే నాకేటీ బాధ నేదు."

"నువ్వు పైకి రాకండా నేను నొక్కను."

"నేనిప్పుడు పైకెలా వొస్తానే?"

"అయితే పండగ ఆగిపోనీ."

"నా కోసరం ఆపకే. నాదయిపోయింది." అతను సుత్తితో పక్కకి, గోతి అవతలి కొసకి చూపిస్తాడు. "అటు సూడు."

అక్కడ చీకట్లో టార్చిలైటు ఒకటి కదులుతోంది. ఎవరో మోకాళ్ల మీద కూర్చుని, పలకల కిందికి చెయ్యి దూర్చి వెతుకుతున్నారు. వీపు కనిపిస్తోంది, ముఖం కనిపించడం లేదు.

"ఎవులది?" అంటుంది నూకరత్నం.

"ఇంకా తెలీదే," అంటాడు గౌరునాయుడు.

పైన గంట మోగుతుంది. ఆ మనిషి టార్చి కింద పెడతాడు. జేబులోంచి గుడ్డ తీసి ఒక్కో వేలూ తుడుచుకుంటాడు. నూకరత్నం పైకి పరిగెత్తబోతే ఆమె పైనే ఉంది, చూపుడు వేలు పచ్చ బటన్ మీదే ఉంది, వెనకనుంచి ఎవరో మెల్లగా, ప్రేమగా, ఆమె మోచేతిని ముందుకు తోస్తున్నారు.

మెలకువ వచ్చేసరికి గంట ఇంకా మోగుతూనే ఉంది. పక్క క్వార్టరులో పండగ పూజ మొదలయింది. తెల్లగా తెల్లారిపోయింది. నూకరత్నం వెల్లకిలా పడుకుని ఉంది, గుండెల మీద రెండు చేతులూ జోడించి ఉన్నాయి. ఆమె వాటిని చూసి, ఒకదాన్నుంచి ఒకటి విడదీసింది.

మొహం కడుక్కుంటుండగానే వాకిట్లో మోటారుసైకిల్ ఆగింది. "అమ్మీ, తయారయినావా? పంతులుగారు కూకున్నారు," అని పోలయ్య పిలిచాడు.

ఆమె తలుపు తీసింది గానీ బయటికి రాలేదు. గడప మీద కూర్చుంది. "తాళాలేవి చిన్నాన్నా?"

"ఏ తాళాలు? ఫిట్టర్లవా? ఇంకెక్కడుంటాయి, అమ్మవారి కాడ."

"కేరియర్ గోతిలో ఎవులున్నారు?"

"పండగనాడు గోతిలో ఎవులుంటారమ్మీ?"

"దిగి సూసినావా?"

పోలయ్య తన ఇస్త్రీ చొక్కాకేసి చూసుకున్నాడు. "పొద్దున్నే ఏటమ్మీ నీ గోల. లే, లే. పండగపూట గడప మీద కూకోకూడదు."

"ఎవుడి తాళం ఆడు బోర్డుకి తగిలించమను. ఎవుడి పేరుకి ఆడు పలికినాక సైరన్ వేయించు. గంట కాదు, సైరన్. అది నాకిక్కడికి ఇనపడితే వొస్తాను."

"ముహూర్తం దాటిపోద్ది."

"దాటనీ."

"నీకు దండమెడతాను, లే అమ్మీ."

"ఎట్టకు," అంది నూకరత్నం. ఎంత గట్టిగా అందంటే, పోలయ్య లేపబోయిన చేతులు సగంలో ఆగిపోయాయి.

మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకటే మొండి అని గొణుక్కున్నాడు. తరవాత ఫోన్ తీసి, ఆమెకు వినపడాలనే గట్టిగా మాట్లాడాడు. "ఒరే, ఈ అమ్మి కదలనంటన్నాది. ఎవుడైనా ఒకడు కేరియర్ గోతిలోకి ఓసారి తొంగి సూడండ్రా, ఎవుడూ నేడని సెప్తే వొస్తాదంట."

ఫోన్ చెవికి పెట్టుకుని, ఆమెకేసి చూస్తూ, విసుగ్గా కాలితో మట్టి గీస్తూ నిలబడ్డాడు. అటునుంచి డప్పుల చప్పుడు సన్నగా వినిపిస్తోంది. ఆ చప్పుడు హఠాత్తుగా ఆగిపోయింది. పోలయ్య కాలు కూడా ఆగింది.

"ఎవుడ్రా ఆడు," అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "ముందు పైకి రమ్మను."

నూకరత్నం గడప మీంచి లేచింది.