దండకు వచ్చిన మార్కులు

ముదినేపల్లి దగ్గర ఒక పల్లెటూరి బడికి గోడంత టచ్ స్క్రీన్ వచ్చింది. హెడ్మాస్టరు శ్రీరంగనాయకులు గారు దానికి కొబ్బరికాయ కొట్టి, పైనుంచి బారెడు బంతిపూల దండ వేలాడదీశారు. పూజ చేసిన దండ ఎండేదాకా ఎవరూ ముట్టుకోకూడదన్నారు.

మర్నాడు రెండో తరగతి టీచరు నాగవల్లి ఫ్యాను వేసి, స్క్రీన్ మీద కూడికల క్విజ్ పెట్టింది. ప్రతి లెక్కకూ రెండు జవాబులుంటాయి, ఒకటి నొక్కాలి. పిల్లలు లేచి వచ్చేలోపే జవాబులు వాటంతటవే పడిపోతున్నాయి.

"దండండీ! గాలికి ఊగి పువ్వులు నొక్కేస్తున్నాయండీ," అంది ముందు వరుసలోని హర్షిత.

ఫ్యాను కట్టేసేసరికే క్విజ్ అయిపోయింది. పదికి ఏడు మార్కులు. అవి క్లాసు పేరుమీద ఆన్‌లైన్‌లో పై అధికారులకు వెళ్ళిపోయాయి కూడా. పోయిన వారం కాగితం మీద పరీక్ష పెడితే ఒక్కరికీ నాలుగు దాటలేదు. పన్నెండేళ్ళుగా గొంతు చించుకున్న తనకంటే ఆ దండే నయమని ఒళ్ళు మండిపోయింది నాగవల్లికి.

విసవిసా హెడ్మాస్టరు గదికి వెళ్ళింది. "మాస్టారూ, ఆ దండ తీసేద్దామండీ. జవాబులన్నీ అదే నొక్కేసిందండీ."

ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు. "మండలంలో మనమే ఫస్టంటమ్మా! ఇప్పుడే మెచ్చుకుంటూ మెసేజ్ పెట్టారు. దండ తియ్యకండి. ఫ్యాను కూడా కట్టెయ్యకండి."

నాగవల్లి వెనక్కి తిరిగింది. గుమ్మంలో హర్షిత నిలబడి అంతా వింటోంది.

"అయితే టీచరుగారూ, రేపట్నించి మేం రానక్కర్లేదాండీ?"