బావ పడుకున్నాడు

టీ తాగి, ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, బావ లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. ప్రతి టైరునీ కాలితో తట్టి చూశాడు. రాత్రంతా నడిపినవాడు పగలు నడిపేవాడికి బండి అప్పగించే పద్ధతి అది.

"బ్రేకు కాస్త లోపలికి పోతోంది, చూసుకో," అన్నాడు.

అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చున్న బావమరిది తల ఊపాడు. బావ మొహం జిడ్డోడుతోంది, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఎడమ భుజాన్ని రెండో చేత్తో నొక్కుకుంటున్నాడు. ఏమైందని అడిగితే, పట్టేసిందనీ, కాసేపు నడుం వాలిస్తే అదే సర్దుకుంటుందనీ చెప్పి పైకి ఎక్కాడు.

సీట్ల వెనక అడ్డంగా బిగించిన చెక్క పడక అది. కాళ్లు బారచాపితే మడమలు రేకుకి తగులుతాయి. పక్క మాత్రం బావ స్వయంగా అమర్చుకున్నాడు. అడుగున గోనెపట్టా, దాని మీద ఎవరో పారేసిన సోఫాలోంచి కోసి తెచ్చిన స్పాంజి, పైన అక్క పాతబట్టలతో కుట్టిన బొంత. బ్రేకు పడ్డా దొర్లిపోకుండా స్పాంజిని గోడవైపు కాస్త పల్లంగా చెక్కాడు. మోకాళ్లు ముడిచి, అరచెయ్యి చెంప కింద పెట్టుకుని ఆ పల్లంలో ఒదిగాడంటే, లాగిన పరదా ఊగడం మానేలోపే గురక వినిపించేది.

ఒకరు నడుపుతుంటే ఒకరు పడుకోవాలి కాబట్టి, ఏళ్ల తరబడి ఒకే బండి మీద ఉన్నా వాళ్లిద్దరూ కలిసి మెలకువగా గడిపింది తక్కువే. బావకి ఏ కూర ఇష్టమో చెప్పమంటే బావమరిది తెల్లమొహం వేస్తాడు. ఏ గతుక్కి ఎటు ఒత్తిగిలుతాడో మాత్రం తడుముకోకుండా చెబుతాడు.

ఇంట్లో మంచం మీద బావకి కన్ను మూతపడదు. సెలవుకి వెళ్లినప్పుడల్లా అటూ ఇటూ పొర్లి పొర్లి, చివరికి దుప్పటి చంకన పెట్టుకుని వీధి చివర ఆపిన లారీలోకి వెళ్లి పడుకుంటాడు. అదీ కదలడం లేదు కదా అంటే, కనీసం డీజిలు వాసనైనా ఉంది కదా అంటాడు. "నాకో సవతి ఉంది, దానికి పది చక్రాలు," అని అక్క అందరికీ చెప్పుకుని నవ్వేది. ఒక్కోసారి ఆ నవ్వు సగంలోనే ఆగిపోయేది.

బావ జీవితంలో చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు. లారీలు కడగడంతో మొదలుపెట్టి, పనితనం చూసి చూసి డ్రైవర్లు చేతికిచ్చిన స్టీరింగ్ పట్టుకున్నాడు. యజమానులు మారారు, బండ్లు మారాయి. మారినప్పుడల్లా ఆ స్పాంజినీ బొంతనీ చుట్ట చుట్టి వెంట తీసుకెళ్లాడు. కూతుళ్లిద్దరూ పుట్టిన కబురు ఆయనకి రోడ్డు మీదే అందింది. బావమరిదికి డ్రైవింగ్ నేర్పిందీ ఆయనే. నేర్పేటప్పుడు ఒక్కటే చెప్పాడు: "బాగా నడిపానా అని నన్నడక్కు. వెనక పడుకున్నవాడు లేచాడో లేదో చూసుకో."

ఆ రోజు సరుకు గాజు పలకలు. ఫ్యాక్టరీకి వెళ్లే దారి సగం తవ్వి వదిలేశారు. బావమరిది బండిని గుంటల్లోకి మెల్లగా దింపుతూ, అంతే మెల్లగా ఎక్కిస్తూ నడిపాడు. ఎండ ముదిరాక అక్క ఫోన్ చేస్తే బండి పక్కకి తీసి ఆపాడు.

"మీ బావేం చేస్తున్నాడురా?"

"పడుకున్నాడే. లేపమంటావా?"

"వద్దు వద్దు. ఆయనకి ఆ నిద్రే కదా సుఖం. చిన్నదానికి జ్వరం తగ్గిందని లేచాక చెప్పు. రాత్రి రెండుసార్లు అడిగాడు."

చెబుతానన్నాడు. మళ్లీ బయల్దేరిన కాసేపటికి ఒక కుక్క అడ్డం వచ్చింది. తప్పక బ్రేకు గట్టిగా తొక్కాడు. "కుక్క, బావా," అన్నాడు వెనక్కి తిరగకుండానే. మామూలుగా అయితే పరదా వెనకనుంచి ఒక తిట్టు రావాలి. రాలేదు. ఎంత మత్తుగా పడుకున్నాడో అనుకుని, తన డ్రైవింగ్ మీద తనే కాస్త గర్వపడ్డాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర వరుసలో నిలిపాక, చెక్క మీద వేళ్లతో తట్టాడు. వచ్చేశామన్నాడు. చిన్నదానికి జ్వరం తగ్గిందట అన్నాడు. పరదా తీశాడు. బావ ఎప్పటిలాగే పల్లంలో ముడుచుకుని, చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది, లాగితే రాలేదు.

వెనక బండ్లు హారన్లు మోగించాయి. గేటు కాపలావాడు కేకలేస్తూ వచ్చి, లోపలికి చూసి ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఆసుపత్రి బండిలో వచ్చినాయన కనురెప్ప ఎత్తి చూసి, ప్రాణం పోయి చాలాసేపైందన్నాడు.

"ఎంతసేపు?" అడిగాడు బావమరిది.

"పొద్దున్నే అయ్యుంటుంది. నిద్రలోనే పోయాడు. ఆయనకి తెలిసుండదు."

పొద్దున్నే అంటే ఎక్కడ? దారిలో వంతెన దాటకముందా, దాటాకా? దారంతా మనసులో వెనక్కి నడిచి చూశాడు. ఏ మలుపు దగ్గరా ఏమీ దొరకలేదు. గుంటల్లో అంత జాగ్రత్తగా దింపింది ఎవరి కోసం? భుజం పట్టేసిందన్నప్పుడు బండి ఆసుపత్రికి తిప్పి ఉంటే? బావ పడుకుంటానన్నాడు. తను పడుకోనిచ్చాడు.

అక్కకి ఫోన్ కలిపాడు.

"లేచాడా? చిన్నదాని సంగతి చెప్పావా?"

"అక్కా..."

"ఫోన్ ఆయనకివ్వు ఒకసారి."

తర్వాత ఏ మాటల్లో చెప్పాడో అతనికి గుర్తులేదు. అవతల కుర్చీ ఈడ్చిన చప్పుడు, ఆ తర్వాత పక్కింటావిడ గొంతు, అంతే గుర్తుంది.

బావని దుప్పటితోనే దించి ఆసుపత్రి బండిలోకి ఎక్కించారు. తనూ ఎక్కబోతే కాపలావాడు భుజం పట్టుకుని ఆపాడు. చెడ్డవాడేం కాదు. "బండి గేట్లో ఉండిపోయిందన్నా. లోపల పెట్టేసి వెళ్లు. ఇంకెవరూ లేరు కదా నీతో."

బావమరిది స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఆసుపత్రి బండి మలుపు తిరిగేదాకా అద్దంలో చూసి, ఇంజను స్టార్ట్ చేశాడు. పరదా తీసే ఉంది. పడక పక్కన రేకు అంచు మీద బావ కళ్లజోడు, పడుకునే ముందు మడిచి పెట్టింది, పంపడం ఎవరికీ గుర్తురాక అక్కడే ఉండిపోయి, ఇంజను అదురుకి సన్నగా చప్పుడు చేస్తోంది.