శశికళ వంతు

క్రికెట్టు పిచ్చిని లోకం అర్థం చేసుకుంటుంది. సుప్రీత పిచ్చి వేరు. వారం పొడుగునా బడిలో లెక్కలు చెప్పి, ఆదివారం మధ్యాహ్నం తమక అనే ఊళ్ళో తన మేడగదిలో కథల ఆట ఆడించేది. ఆమె కథ చెబుతుంది. ఆడడానికి వచ్చే ముగ్గురూ తలో పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఆ పని నెగ్గిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది; అంకె ఎంత పెద్దదైతే అంత గెలుపు. ఈసారి కథ మూతబడ్డ బంగారు గనిలో, అట్టడుగున నిధికి కాపలా కాసే రాక్షసితో. నెలరోజులు కూర్చుని అల్లిన కథ.

అంత కథనీ ఆ ముగ్గురిలో నందీశ్ కంగాళీ చేసేవాడు. కథలో దారి చెప్పడానికొచ్చిన ముసలాయన్ని చితకబాదేవాడు. తోటివాళ్ళ సంచుల్లో చేయి పెట్టేవాడు. వంతు ఎవరిదైనా ముందు లేచేది అతని నోరే. మాధవకి నవ్వుకోడానికి ఇంత కథ, నమలడానికి ఇన్ని వేరుశనక్కాయలు ఉంటే చాలు. శశికళ అలా కాదు. బంగారుపేట నుంచి బస్సెక్కి వచ్చే ఆ పిల్ల ఏదైనా కాస్త ఆలోచించి గానీ చెప్పదు. ఆలోపు నందీశ్ ఆమె వంతు కూడా మింగేసేవాడు.

పోయిన ఆదివారం మెట్లు దిగుతూ అనేసింది. "నేనింగ రానక్కా. ఇంత దూరం వచ్చి సుమ్మనే నోరు మూసుకొని కూర్చొనేదానికి మా ఇంట్లోనే కూర్చుంటాను."

ఆ పిల్ల మానేస్తే మిగిలేది నందీశ్ అల్లరీ మాధవ నవ్వూ, వాటితో ఆట సాగదు. నందీశ్‌ని సుప్రీత అంతకుముందే కథలో దండించి చూసింది. గోతిలో పడేసింది, ఖైదులో పెట్టింది. కుక్క తోక వంకర. ఇక మొహం మీదే 'రావద్దు' అని చెప్పేద్దామని, బుధవారం సెలవు దొరికితే అతని ఊరు క్యాసంబళ్ళికి బయల్దేరింది.

నందీశ్ అక్కడ పట్టుపురుగులు పెంచుతాడు. ఆమె వెళ్ళేసరికి అతని తల్లి సొన్నమ్మ ఆకుల మోపుతో షెడ్డు ముందు నిలబడి ఉంది. కొడుకు గుమ్మానికి అడ్డంగా ఉన్నాడు.

"పురుగులు లేచినాయి కదరా, ఆకలికి తలెత్తి చూస్తా ఉండాయి. ఆకు వేస్తే ఏమి పోతాది?"

"సగం ఇంగా జ్వరంలోనే ఉండాయమ్మా."

పొర విడిచే ముందు పురుగులు తిండి మాని కదలకుండా పడుకుంటాయి. దాన్నే వాళ్ళు జ్వరం అంటారు.

"ముందు లేచినవాటికి ఇప్పుడే వేస్తే అవి బలిసిపోతాయి, వెనక లేచేవి చిక్కిపోతాయి. పంటంతా ఎచ్చుతగ్గులే. అన్నీ లేచేదాకా ఆకు వేసేది లేదు."

బస్సులో వల్లెవేసుకొచ్చిన తిట్లన్నీ సుప్రీత అక్కడికక్కడే మరిచిపోయింది.

"పురుగులకి ఇంత న్యాయం చెప్తావే, నా ఆటలో ఏమయింది నందీశ్ ఈ న్యాయం? శశికళ నోరు తెరిచేలోపల ఆమె వంతు నువ్వే తినేస్తావు. ఆ పిల్ల ఇంగ రానంటాది. ఆమె రాకపోతే ఆట ముగిసినట్టే. వారానికి నాకుండేది ఆ ఒక్క మధ్యాహ్నమే."

నందీశ్ తెల్లబోయాడు. "మిమ్మల్నందర్నీ నవ్విస్తా ఉండాననుకొంటిని కదా!"

"నవ్వినోడు మాధవ ఒకడే."

"వారమంతా ఈడ పురుగులతోనే సరిపోతాది సుప్రీతా. ఆదివారం మనుషుల్ని చూస్తే నోరు ఆగదు."

సుప్రీతకి జాలేసింది. అయినా మెత్తబడలేదు. "ఆపుకోవాల. లేదంటే రావద్దు."

"బాగా చెప్పినావమ్మా," అంది సొన్నమ్మ. "పొద్దున్నుంచీ నన్ను గుమ్మం దాటనీలేదు."

ఆ రాత్రే నందీశ్ శశికళకి ఫోన్ చేసి తప్పయిందన్నాడట. ఈ ఒక్క వారం చూస్తానని ఆదివారం ఆమె వచ్చింది.

గని అడుగున రాక్షసి దారికి అడ్డంగా నిలబడింది. వంతు శశికళది. ఆమె ఆలోచనలో పడింది. నందీశ్ పెదవులు కదిలాయి. గబుక్కున చేత్తో నోరు మూసుకున్నాడు. మాధవ వేరుశనక్కాయలు నమలడం మానేశాడు.

"నేను రాక్షసితో బేరం పెడతాను," అంది శశికళ నింపాదిగా. "నందీశన్నని నువ్వు తీసుకో, నిధి మాకియ్యి, అని."

పాచిక దొర్లి దొర్లి ఇరవై మీద ఆగింది. రాక్షసి మారుమాట లేకుండా నందీశ్‌ని చంకన పెట్టుకుని పోయింది. గది నవ్వులతో గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నందీశే.

"ఇన్నాళ్ళూ ఈమెని మాట్లాడనీకుండా చేసినందుకే నేను బతికినాను కదప్పా!"