రాజులమ్మని ఎలా పిలవాలి?

జర్మనీ నుంచి వచ్చిన ఈమెయిల్లో ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న. "మీ ప్రోగ్రాం పేరు ఎలా పలకాలి?"

నర్సీపట్నం బస్టాండు దగ్గర మేడమీద కంప్యూటర్ సెంటర్లో కూర్చుని రాజేశ్వరి దాన్ని మూడుసార్లు చదువుకుంది. రెండువేల ఐదో సంవత్సరం, ఆగస్టు నెల. ఆ సెంటర్లో ఆవిడ ఆరేళ్ళుగా పాఠాలు చెబుతోంది. పిల్లలు ఎన్ని తిక్క ప్రశ్నలు వేసినా తడుముకోకుండా జవాబు చెప్పే మనిషి. ఈ ప్రశ్న దగ్గర మాత్రం నోరు పెగల్లేదు. జవాబు తెలియక కాదు, అది వాళ్ళ అత్తగారి పేరు.

అత్త పేరు కోడలు నోటితో పలకకూడదు. ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని అడిగితే ఎవరూ చెప్పలేరు గానీ, పలకకూడదంతే. పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది, రాజేశ్వరి ఒక్కసారి కూడా పలకలేదు. రేషన్ షాపులో ఇంటి పెద్ద పేరేమిటమ్మా అంటే కార్డు చాచి చూపిస్తుంది. జనాభా లెక్కలవాడు వచ్చి కూర్చుంటే పక్కింటావిడని కేకేసి ఆవిడ చేత చెప్పించింది. సెంటర్లో అదే పేరుతో ఓ పిల్ల చేరితే, ఆ పిల్లని ఏడాది పొడుగునా "మా అత్తగారి పేరమ్మాయీ" అని పిలిచింది. చదువుకున్నదానివి, నీకివేం పట్టింపులు అని ఎవరైనా దెప్పితే నవ్వి ఊరుకునేది. కొన్ని అలవాట్లు చదువుతో పోవు మరి.

పలకడం తప్పన్నారు గానీ టైపు చెయ్యడం తప్పని ఎవరూ అనలేదు. అక్కడే వచ్చింది తంటా.

అత్తగారు రాజులమ్మ పుట్టింది పూడిమడకలో, సముద్రం ఒడ్డున. మొగుడితో నర్సీపట్నం వచ్చి ఎండు చేపలు అమ్ముకుంటూ నలభై ఏళ్ళు గడిపేసింది. ఆయన పోయాక కూడా బుట్ట దించలేదు. ఇక్కడినుంచి సముద్రం కనపడదు, వినపడదు. అయినా రోజూ పొద్దున్నే మొహం కడుక్కుంటూ, "ఇప్పుడక్కడ నీరెక్కుతున్నాది" అనో, "తీసేత్తన్నాది" అనో తనలో తాను అనుకునేది. మొదట్లో రాజేశ్వరి అది ముసలావిడ చాదస్తం అనుకుంది. ఒకరోజు కుతూహలం ఆగక, ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి పూడిమడకలో ఉన్న మొగుడి మేనమామగారింటికి ఫోన్ చేసి అడిగింది. అత్త చెప్పిన వేళకీ, అక్కడ పోటు నిండిన వేళకీ తేడా పావుగంట కూడా లేదు.

ఆ లెక్క ఏమిటో చెప్పమని నెల్లాళ్ళు వెంటపడింది. చివరికి చెప్పింది రాజులమ్మ. అమావాస్యనాడు పొద్దున్న తొమ్మిదింటికి అటూ ఇటూగా నీరు నిండుతుంది. ఆ మర్నాటి నుంచి రోజుకి రెండు గడియలు, అంటే ముప్పావుగంట పైచిలుకు, ఆలస్యమవుతుంది. మళ్ళీ పౌర్ణమికి అదే వేళకి వస్తుంది. చదువు రాని మనిషి తిథులు పట్టుకుని చేసే లెక్క. రాజేశ్వరి దాన్ని చిన్న ప్రోగ్రాంగా రాసింది. తేదీ ఇస్తే చాలు, తిథి కట్టి, పోటు వేళ చెబుతుంది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపలి రాత విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు అని ఓపెన్ సోర్స్‌గా ఇంటర్నెట్లో పెట్టేసింది. ప్రోగ్రాం పేరు ఏమిటని వెబ్‌సైట్ అడిగిన చోట వేళ్ళు వాటంతటవే రాజులమ్మ అని కొట్టేశాయి. నోటికి లేని స్వేచ్ఛ వేళ్ళకి దొరికినట్టయింది. అత్తగారిని అడగలేదు. అడగాలని తోచనూ లేదు.

పెట్టి ఏడాదయింది. అంతవరకూ దాని ఊసెత్తినవాడు లేడు. ఇప్పుడు ఈ జర్మనీ ఆయన, క్లౌస్, దిగాడు. ఎందుకు అడుగుతున్నారని రాస్తే సంగతంతా చెప్పాడు.

చిన్న పడవలు నడిపేవాళ్ళ కోసం ఉచిత ప్రోగ్రాములన్నీ ఏరి ఒక సీడీ చేస్తున్నాడాయన. నిజానికి ఆయనుండే ఊరు కొండల్లో, సముద్రానికి అయిదారొందల కిలోమీటర్ల దూరంలో ఉందట. పడవ కూడా లేదు, ఉన్నదల్లా పడవల పిచ్చి. సీడీలో ఒక్కో పేరు పక్కనా బొత్తం నొక్కితే ఆ పేరు వినిపించాలని ఆయన పట్టుదల. అది తయారుచేసిన మనిషి గొంతే కావాలన్నాడు. ఎలా పలకాలో తెలియని పేరు జనం నోట నిలవదని ఆయన సిద్ధాంతం. ఇరవయ్యో తేదీలోగా గొంతు పంపకపోతే ఏం చెయ్యాలో కూడా వాళ్ళ బృందంలో ఓటు వేసుకున్నారు. పేరు తీసేసి "టైడ్ టూల్" అని పెట్టేస్తారట.

రాజేశ్వరికి అది నచ్చలేదు. మార్చుకోవచ్చని రాసిచ్చింది తనే కాబట్టి కాదనడానికి లేదు. కానీ ఆ లెక్క ఎవరిదో చెప్పే గుర్తు ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క పేరే. అది పోతే అత్త చేసిన లెక్క ఎవరిదీ కాకుండా పోతుంది.

క్లౌస్ ఏమన్నా, ఇంటి మనిషి గొంతు పంపితే కాదనడులే అనుకుని, సాయంత్రం మొగుడు చిట్టిరాజు ఆటో పెట్టి లోపలికి రాగానే విషయమంతా చెప్పింది.

"పలకడానికేటి, పలుకుతాను. అదేమన్నా పెద్ద పనా?" అన్నాడు చిట్టిరాజు. అంతలోనే తల గోక్కున్నాడు. "కానీ అమ్మని అడక్కుండా అమ్మ పేరు దేశాల మీదెట్టేవా? రేపు నన్నడిగితే నేనేటి సెప్పాల? ముందు నువ్వెల్లి ఆవిడకి సెప్పు. ఆ తరవాత ఎన్నిసార్లు పలకమంటే అన్నిసార్లు పలుకుతాను." కాఫీ అయినా తాగకుండా మళ్ళీ ఆటో తీశాడు. తల్లి కోపం ఎరిగినవాడు.

రాజులమ్మ అరుగు మీద కూర్చుని ఎండు నెత్తళ్ళు ఏరుతోంది. రాజేశ్వరి పక్కన చతికిలబడి తనూ నాలుగు చేపలు ఏరినట్టు చేసింది.

"అత్తా, నువ్వు తిట్టనంటే ఒకటి సెప్తాను."

"ఏటి, పప్పు మాడిపోనాదా?"

"కాదు. కంప్యూటర్లో ఒకటి రాసేను. దానికి నీ పేరెట్టేను."

రాజులమ్మ తలెత్తి చూసింది. కోపం లేదు, వింత మాత్రం ఉంది. "నా పేరా? అదేటి సేత్తాది?"

"పోటు ఎన్నింటికో సెప్తాది. నువ్వు సెప్పిన లెక్కే. జర్మనీవోళ్ళు, ఇంకా సానా దేశాలోళ్ళు పడవలకి వాడుకుంటారట. పేరెలగ పలకాలని అడుగుతున్నారు."

రాజులమ్మ చేతులు ఆగిపోయాయి. "ఆ దేశంలో అమాసనాడు నీరెన్నింటికి నిండుతాది?"

"తొమ్మిదింటికే కదా అత్తా? నువ్వే సెప్పేవు."

"నేను సెప్పినాను? నేను పూడిమడకకి సెప్పినానే!" చేతిలో చేపలు చేటలో పడేసింది రాజులమ్మ. "అదే ఊళ్ళో ఉప్పుటేటి లోపల రేవుకెల్తే గంట ఆలీసంగా ఎక్కుతాది నీరు. ఎక్కడి జర్మనీ, ఎక్కడి పూడిమడక! దానికీ దీనికీ ఒకటే లెక్కంటావేటి?"

రాజేశ్వరికి సముద్రం సంగతి తెలియదు. యలమంచిలిలో పుట్టి, రైళ్ళు చూస్తూ పెరిగిన మనిషి. చంద్రుడు ఒక్కడే గదా, పోటు వేళ కూడా అందరికీ ఒకటే అనుకుంది. ఒక్క ఊరికి ఫోన్ చేసి సరిచూసుకుని ప్రపంచానికంతటికీ రాసిపారేసింది.

"పేరెట్టినావు, సంతోసమే. నాకు కోపమేటి?" అంది రాజులమ్మ. "కానీ రేపు ఎవడో అది సూసి పడవ దించుతాడు. నీరు తీసేత్తాది. పడవ ఇసకలో కూలబడిపోతాది, నేదంటే అల తిరగేత్తాది. అప్పుడాడి పెళ్ళాం తిట్టేది నిన్ను కాదే. రాజులమ్మని! మొకం తెలీని ఆడదాని సేత నేను మాటెందుకు పడాల?"

రాజేశ్వరి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పేరు పెట్టడమంటే గౌరవించడం అనుకుంది ఇన్నాళ్ళూ. దానివెనక పూచీ కూడా ఉంటుందని, అది తను అత్త నెత్తిన పెట్టిందని ఇప్పుడు తెలిసింది.

"తీసేస్తాను అత్తా. వోళ్ళు ఏ పేరెట్టుకుంటారో ఎట్టుకోనీ."

"తీసెయ్యడమెందుకు? సరిగ్గా సెయ్యి!" కసిరింది రాజులమ్మ. "కొత్త రేవుకి సేపలకెల్తే మేమేటి సేసేవోళ్ళమో తెలుసా? బుట్ట దించగానే అక్కడి ఆడోళ్ళని అడిగేవోళ్ళం. అమాసనాడు మీకు నీరెన్నింటికి నిండుతాది, అని. ఆ మాట తెలిసినాకే మా లెక్క మొదలెట్టేవోళ్ళం. నీ కంప్యూటర్ని కూడా ముందు ఆ మాట అడగమను. అడగనిదానికి నా పేరొద్దు. బేగి ఎల్లి సేసుకురా."

రెండు రోజుల్లో చేసింది రాజేశ్వరి. ఇప్పుడు ప్రోగ్రాం తెరిస్తే ముందుగా అడిగేది ఒకటే మాట. "అమావాస్యనాడు మీ రేవులో నీరు ఎన్నింటికి నిండుతుంది?" జవాబు ఇవ్వకపోతే ఒక్క అంకె కూడా చెప్పదు. పాత దాన్ని ఎవరూ వాడొద్దని, తప్పు తనదేనని, సరిచేసింది తన అత్తగారని దాచకుండా రాసి క్లౌస్ బృందానికి పంపింది.

ఆ బృందంలో నానా దేశాలవాళ్ళూ ఉన్నారు. ప్రోగ్రాం అడిగిన మాటకి జవాబులు ఈమెయిల్లో ఆవిడకే రావడం మొదలయ్యాయి. ఐర్లాండు నుంచి ఒకాయన అయిదున్నర అన్నాడు. బ్రెజిల్ నుంచి ఒకావిడ మూడు అంది, వాళ్ళ నాన్నని అడిగి చెబుతున్నానంది. రాజేశ్వరి రోజూ వాటిని కాగితం మీద రాసుకుని తెచ్చి చదివి వినిపించేది. రాజులమ్మకి భలే సరదా పట్టుకుంది. అక్కడ ఏ చేపలు పడతాయి, ఎండబెట్టుకుంటారా, ఆడవాళ్ళు అమ్ముతారా అని అన్నీ అడిగేది. ఫిన్లాండు నుంచి ఒకడు, మా సముద్రంలో పోటు దాదాపు ఉండనే ఉండదు, మీ ప్రశ్నకి ఏమని రాయను అని అడిగితే ఆవిడ నోరు తెరిచింది.

"పోటు రాని సముద్రమేటే? సెరువై ఉంటాది. సరిగ్గా సూసుకోమను!"

జవాబులతో పాటు కొందరు తమ గొంతుల్ని కూడా పంపారు. ఇలాగేనా పలకడం అని. ఇరవయ్యో తేదీ దగ్గరపడింది. ఆదివారం మధ్యాహ్నం సెంటర్లో పిల్లలు ఉండరు. రాజేశ్వరి అత్తగారిని ఆటోలో తీసుకొచ్చి, మెట్లెక్కించి, ఫ్యాను కింద కూర్చోబెట్టి ఒక్కొక్కటే వినిపించింది. ఒకడు "రాయులమా" అన్నాడు. ఇంకొకావిడ "రహులామా" అంది. ఇంకెవరో మధ్యలో ఊపిరి తీసుకుని రెండు ముక్కలు చేశారు. రాజులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

"నోరు తిరగనేదు పాపం. మళ్ళీ ఎట్టు ఆ రెండోదాన్ని."

నాలుగైదుసార్లు విన్నాక నవ్వు ఆగింది. "ఈళ్ళందరూ నన్నే పిలుత్తున్నారేటి?" అంది నెమ్మదిగా.

"నిన్నే అత్తా. ఎలగ పిలవాలో తెలీక అడుగుతున్నారు." రాజేశ్వరి మైకు ఆవిడ దగ్గరకి జరిపింది. "నువ్వే సెప్పు. నీ పేరు ఒక్కసారి ఇందులో అను సాలు."

రాజులమ్మ మైకుకేసి చూసింది, కోడలికేసి చూసింది. "నా పేరు నేనే పిలుసుకుంటానేటి ఎర్రిదానిలాగ? పేరు పిలవడానికి ఇంకో మనిసుండాల. నువ్వు పిలు."

"నేనా? తప్పు కదత్తా!"

"తప్పని ఎవులు సెప్పేరు? నేను సెప్పేనా ఎప్పుడన్నా? ఈ తొమ్మిదేళ్ళలో నువ్వూ అడగనేదు, నేనూ సెప్పనేదు. దేశాలోళ్ళంతా పిలుత్తుంటే నా ఇంట్లో మనిసికేటి అడ్డు? పిలవే, నేను సెప్తన్నాను గదా."

రాజేశ్వరి మైకు తన వైపు తిప్పుకుంది. రికార్డు బొత్తం నొక్కింది. ఇంత చిన్న మాటకి ఇంత భయం ఏమిటా అని తనమీద తనకే నవ్వొచ్చింది గానీ భయం మాత్రం పోలేదు. కళ్ళు మూసుకుని గట్టిగా పిలిచింది.

"రాజులమ్మా!"

"ఓయ్! వత్తన్నా!"

ఆ గొంతు రాజేశ్వరి ఎప్పుడూ వినలేదు. సన్నగా, హుషారుగా, దూరంగా ఇసకలో ఆడుకుంటున్న పిల్ల పలికినట్టుంది. కళ్ళు తెరిచి చూస్తే రాజులమ్మ కుర్చీలోంచి సగం లేచి ఉంది. తను ఎక్కడుందో తెలిసి మెల్లగా కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది, అయినా కన్నీళ్ళు ఆగలేదు.

"మా యమ్మ కేకేసీది అలగ," అంది. "అదే ఆకర. పెళ్ళయినాక మీ మావ ఒసే అన్నాడు. పిల్లలు అమ్మా అన్నారు. సంతలో ఎండుసేపల మామ్మంటారు. పేరెట్టి ఎవులూ పిలవనేదే అమ్మీ, నలభై ఏళ్ళు!"

రాజేశ్వరి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. తరవాత రాజులమ్మే ముక్కు చీది, ఇంకోసారి పిలవమని అడిగింది. రాజేశ్వరి పిలిచింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

క్లౌస్ అడిగింది పేరు ఒక్కటే. వెనకాల వచ్చిన మాటని కత్తిరించడం ఒక్క మీట నొక్కేంత పని. రాజేశ్వరికి చెయ్యి రాలేదు. మొదటిసారి పిలిచిన పిలుపునీ, దానికి వచ్చిన పలుకునీ కలిపే పంపించింది.