పాడుపెట్టిన ఇంటికి పన్ను

మంచి నక్షత్రం చూసుకుని పోవాలని శివనాగరాజుకు ఎవరు చెప్పాలి? గుండెపోటు పంచాంగం చూసి రాదు కదా. ధనిష్ఠలో పోయాడు కాబట్టి ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలని, అందులో మనిషి మసలకూడదని పెద్దలు తేల్చారు. కర్మ కాగానే ఇంటికి తాళం పడింది. పిల్లలు లేని అతని భార్య కోటేశ్వరిని ఆమె తమ్ముడు కోటిబాబు నరసరావుపేటలోనే ఉన్న తన ఇంటికి తీసుకుపోయాడు.

తమ్ముడు మంచివాడు, మరదలూ మంచిదే. ఆ మంచితనంలోనే ఆమెకు ఊపిరాడలేదు. ఆమె వస్తే చాలు, టీవీ గొంతు తగ్గేది, నవ్వులు ఆగిపోయేవి. ఇంటినిండా జనమున్నా ఆమెతో మామూలుగా మాట్లాడే మనిషి లేడు. అందుకే పింఛను పనుందని చెప్పి రోజూ తన ఇంటికే పోయేది. దొడ్డివైపు నుంచి లోపలికి దూరి, ఊడ్చి, వండుకుని, నాలుగు ముద్దలు తిని వచ్చేది.

ఖాళీ ఇంటికి పన్ను తగ్గిస్తారని ఎవరో చెబితే, అక్కకు మేలవుతుందని కోటిబాబు మునిసిపాలిటీలో అర్జీ పెట్టాడు. ఇల్లు చూడ్డానికి వార్డు సచివాలయం నుంచి అనూష వచ్చింది. కోటిబాబు తాళంచెవి అక్క చేతికిచ్చి తను వీధిలోనే ఆగిపోయాడు.

లోపల గచ్చు ఇంకా తడిగా ఉంది. పొయ్యి మీద పప్పు గిన్నె ఉంది. అనూషకు అర్థమైంది.

"ఖాళీ అనే రాస్తాలే పిన్నీ, సంతకం పెట్టండి. కానీ మళ్లీ వచ్చి చూస్తారు. ఇంక రాబాకండి," అంది మెల్లగా.

రావద్దన్న మాటే కోటేశ్వరికి వినిపించింది.

"వద్దమ్మా. ఇంట్లో మనిషి ఉంది. పన్ను మొత్తం రాయి."

వీధిలోంచి కోటిబాబు విన్నాడు. "ఏందక్కా నువ్వనేది? పాడుపెట్టిన ఇంట్లో తిరిగితే ఇంకో మనిషి పోతాడంటారు. ఈడుంటే మళ్లా మా ఇంటికి ఎట్టా వస్తావు?"

"ఈ ఇంట్లో పోయేదానికి నేనొక్కదాన్నే గదరా మిగిలింది. నీ పిల్లలకేం కాదులే. నేనీడే ఉంటా."

కోటిబాబు కళ్లు తుడుచుకుని బండెక్కాడు. పిలిస్తే ఆగేవాడే. ఆమె పిలవలేదు.

అనూష ఫోనులో ఏదో మార్చి, తల ఎత్తకుండానే అడిగింది.

"ఉండేది ఎంతమంది పిన్నీ?"

"ఇద్ద..." అని ఆగిపోయింది కోటేశ్వరి. అనూష వేలు ఫోను మీదే ఉండిపోయింది.

"ఒక్కదాన్ని. రాసుకో."