ప్రేమమణి చేతి వంట

"చెల్లె, ఇయ్యాల పప్పుల జెర ఉప్పు తక్కువైంది" అన్నాడు సదాశివ. కోపంగా కాదు, ఎంతో ఆప్యాయంగానే అన్నాడు. ప్రేమమణి ఉప్పు గిన్నె తెచ్చి అతని విస్తరి అంచున చిటికెడు వేసింది. పక్కనున్న బ్రహ్మచారి, ఆ పక్కనున్న జ్ఞానశేఖర్ కూడా విస్తళ్ళు కాస్త ముందుకు జరిపారు. ముగ్గురికీ వేసి గిన్నె లోపల పెట్టి వచ్చేసరికి మజ్జిగ కావాలన్నారు. ఉప్పు తక్కువైందని ఆమెకు తెలియదు. వాళ్ళంతా తిని లేచాక గానీ ఆమె నోట్లో ముద్ద పెట్టుకోదు, ఎలా తెలుస్తుంది?

పోలీసు చర్య ముగిసి చలికాలం వచ్చింది. రజాకార్ల భయానికి పల్లెలు విడిచి సికింద్రాబాదు చేరినవాళ్ళలో కొందరు తిరిగి వెళ్ళారు, కొందరికి వెళ్ళడానికి ఊళ్ళో ఇల్లే మిగల్లేదు. సైన్యం వచ్చాక భయపడి ఇళ్ళు వదిలిపోయినవాళ్ళూ ఉన్నారు. చిలకలగూడలోని ఈ పెంకుటిల్లు అలా ఖాళీ అయిందే. ఇంటివాళ్ళు ఎక్కడికి పోయారని అద్దెకు దిగిన ఈ కాలేజీ పిల్లలెవరూ అడగలేదు. వంటింటి గూట్లో వాళ్ళ పసిపిల్ల పాలగిన్నె ఒకటి ఉండిపోయింది. ప్రేమమణి అందులో చింతపండు వేసి పెట్టుకుంటోంది. మొదట్లో ఆ గిన్నె ముట్టుకుంటే గుండె కలుక్కుమనేది, ఇప్పుడేమీ అనడం లేదు.

ఇల్లు పెట్టింది సదాశివ. బ్రాహ్మల వకీలు గారబ్బాయి, చదువు మానేసి సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళొచ్చినవాడు. మళ్ళీ కాలేజీలో చేరేముందు ఒక ఏడాది పేదవాళ్ళ మధ్య ఉండి సేవ చెయ్యాలన్నది అతని పట్టుదల. "ఈ ఇంట్ల కులం లేదు, మతం లేదు. అందరం ఒక్క పొయ్యి మీది బువ్వ తిందాం, అన్ని పనులు అందరం చేసుకుందాం" అని మొదటిరోజు అన్నప్పుడు అందరి ఒళ్ళూ పులకరించింది, ప్రేమమణి ఒళ్ళు అందరికంటే ఎక్కువ. ఆమె తండ్రి రాంగోపాల్‌పేటలో బడిపంతులు, గుడివాడ వైపునుంచి వచ్చి స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. పెద్దమ్మ కొడుకు జ్ఞానశేఖర్ కూడా ఉంటున్నాడు కాబట్టి పంపించారు. ఆడపిల్లలకు తోడుగా సదాశివ మేనత్త శారదమ్మ వచ్చింది. మేబెల్ అని రైల్వే గార్డు కూతురు కూడా వచ్చింది గానీ, మగపిల్లలున్న ఇంట్లో ఏమిటని వాళ్ళ నాన్న మూడోరోజే వచ్చి తీసుకుపోయాడు.

అన్ని పనులు అందరూ చేసుకున్న మాట నిజమే, మొదటి వారం. బ్రహ్మచారి వంతు వచ్చినరోజు అన్నం మాడింది. రాంగోపాల్‌పేటలో వాళ్ళ నాన్నది వడ్రంగి కొట్టు, బ్రహ్మచారి చెయ్యి పడితే ఏ కొయ్యైనా నున్నగా తేలుతుంది, కానీ బియ్యం మాత్రం లొంగలేదు. అందరూ పడీ పడీ నవ్వారు. సదాశివ వంతు వచ్చినరోజు మీటింగు వచ్చింది. ప్రేమమణి వంతు వచ్చినరోజు అందరూ వేళ్ళు నాక్కున్నారు. "చెల్లె చేతిల ఏముందో గానీ!" అన్నారు. వంతులు ఆగిపోయాయి. ఎవరూ ఆపలేదు, వాటంతటవే ఆగిపోయాయి. ఇళ్ళల్లో ఇలాంటివి చాలా వాటంతటవే జరుగుతుంటాయి.

అప్పటికి ఆమెకు రోజూ మధ్యాహ్నం లాలాగూడ వెళ్ళడం అలవాటు. అక్కడి రైల్వే లైన్లలో ఒక ఖాళీ గదిలో ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పేది. రైల్వే వర్క్‌షాపు మధ్యాహ్నం కూత వేసి మగవాళ్ళు పనిలోకి వెళ్ళాక, సాయంత్రం కూతకు వాళ్ళు తిరిగొచ్చేలోపు ఆ ఆడవాళ్ళకు కాస్త తీరిక. మొదట వచ్చింది లచ్చమ్మ. ఇంట్లో రెండు మందుసీసాలుంటే, తాగే మందేదో రాసుకునే మందేదో తెలియక పిల్లకు రాసుకునేది తాగించింది. పిల్ల బతికింది గానీ గొంతు గీరుకుపోయింది. ఇప్పటికీ బొంగురుగానే పిలుస్తుంది అమ్మని. "సీసా మీద ఏం రాసుందో తెలిస్తే చాలు, ఇంకేం వద్దు నాకు" అంది లచ్చమ్మ. ఆ మాట విన్నరోజే తను పుట్టింది దేనికో తెలిసిందనుకుంది ప్రేమమణి. అంత సంతోషం ఆమెకు మళ్ళీ కలగలేదు.

తర్వాత ఒక ఖద్దరు పెద్దాయన చూడ్డానికి వచ్చాడు. సదాశివ ఆయన్ని పంక్తిలో కూర్చోబెట్టి, "ఈమె హరిజన క్రైస్తవ కుటుంబం ఆడబిడ్డ. మేమంతా ఈమె చేతి వంటే తింటం" అని పరిచయం చేశాడు. పెద్దాయన మొదటి ముద్ద మింగి, తనను అందరూ చూశారో లేదో అటూ ఇటూ చూశాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వారమంతా సికింద్రాబాదులో ఈ ఇంటి మాటే. ఇంకో పెద్దాయన వచ్చాడు, తర్వాత ఇద్దరు వచ్చారు. వచ్చినవాళ్ళంతా వడ్డిస్తున్న ఆమె చేతుల వైపే చూసేవారు. ముఖం వైపు చూసినవాళ్ళు తక్కువ. లాలాగూడలో ఏం నేర్పుతున్నావమ్మా అని అడిగినవాళ్ళు అసలే లేరు. భోజనాలు ఎప్పుడూ మధ్యాహ్నమే. కూత వినిపించేటప్పటికి ఆమె చేతిలో గరిటె ఉండేది.

నేను మళ్ళీ లాలాగూడ వెళ్తాను, వంట వంతులు పెట్టుకుందాం అని ఒకసారి అడిగింది. సదాశివ చాలాసేపు ఆలోచించాడు, పాపం. అతను చెడ్డవాడు కాడు, చెడ్డవాడైతే ఆమె పని సులువయ్యేది. "నువ్వు వంటింట్లకెల్లి బయటికొస్తే బస్తీల ఏమనుకుంటరు చెల్లె? వీళ్ళు సుత ఆమె చేతిది తినలేకపోయిన్రు, అందుకే పొయ్యి కాడికెల్లి లేపిన్రు అంటరు. నా ఇజ్జత్ గురించి గాదు, నీ ఇజ్జత్ గురించే పరేషాన్ నాకు" అన్నాడు. ఆమె జ్ఞానశేఖర్ వైపు చూసింది. "తాత నీళ్ళ కోసం బావి కాడ దోసిలి పట్టుకుని నిలబడ్డాడే. పోస్తే తాగాడు, లేకపోతే లేదు. ఇప్పుడు బ్రాహ్మలు నీ చేతి అన్నం తింటన్నారు. ఇంతకన్నా ఏం కావాలి నీకు?" అన్నాడతను. ఆ మాట ఆమెకు నిజంగానే తగిలింది. తాత దోసిలి తలచుకుంటే గరిటె కింద పెట్టడం పాపమనిపించింది. ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మతో చెబితే, "నలుగురికి వండి పెట్టడంలో నామోషీ ఏముందే, అదీ సేవే" అంది.

లాలాగూడ తరగతిని సాయంత్రానికి మార్చి బ్రహ్మచారికి అప్పగించారు. సాయంత్రమైతే తమందరికీ తీరికని. మగవాళ్ళు పనినుంచి వచ్చే వేళకు ఆడవాళ్ళు పొయ్యి ముందుంటారని ఆ ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. ఆమె చెప్పింది. విన్నారు, విని మజ్జిగ అడిగారు. బ్రహ్మచారి నాలుగు సాయంత్రాలు ఖాళీ గదిలో కూర్చుని వచ్చి, "ఆడోళ్ళకు సదువంటే శౌక్ లేదన్నా, మనమేం జేస్తం" అన్నాడు. అందరూ విచారించారు.

ఆమెకు కోపం రావాలి. వస్తుందని చూసింది కూడా. తెల్లవారి లేచి పొయ్యి బూడిద ఎత్తుతూ, రేషన్ దుకాణం ముందు నిలబడి, జొన్నల్లో రాళ్ళేరుతూ, ముగ్గురి ఖద్దరు చొక్కాలు నానబెడుతూ లోపలికి తొంగి చూసుకునేది. ఏమీ లేదు. చొక్కాల వంతు కూడా ఎప్పుడు తనమీద పడిందో గుర్తు లేదు. బూడిదతో అంట్లు తోమీ తోమీ వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి, కాలే గిన్నె పట్టుకున్నా వెంటనే తెలిసేది కాదు. లోపల కూడా అలాగే ఉంది. ఎవరైనా పిలిస్తే పలికేది, నవ్వితే నవ్వేది. ఆదివారం చర్చిలో కీర్తన మధ్యలో, పప్పు ఎంత మిగిలిందా అని ఆలోచిస్తున్న తనను తాను పట్టుకుంది. దానికీ బాధ కలగలేదు. మా ఇంట్లో అమ్మకు కూడా ఇలాగే ఉండేదా అనుకుంది, అంతే. అనుకుని కీర్తన అందుకుంది.

ఆ ఇంట్లో ఆమె వంట తిననిది శారదమ్మ ఒక్కతే. చిన్నప్పుడే విధవైన మనిషి. వెనక వసారాలో కుంపటి పెట్టుకుని, తడిబట్టతో ఒక్క పూట వండుకునేది. ఆమె చాదస్తం గురించి మగపిల్లలు నవ్వుకునేవారు. "నీ చేతిది తినను బిడ్డా, ఈ జన్మకు నాకు చాత కాదు. నన్నేమనుకోకు" అని ఆమె మొదటిరోజే ప్రేమమణికి చెప్పేసింది. కానీ రోజూ మధ్యాహ్నం గడపకు అవతలనుంచి "నువ్వు తిన్నవా?" అని అడిగేది ఆమే. పంక్తిలో కూర్చుని కులం పోగొట్టినవాళ్ళెవరికీ ఆ ప్రశ్న నోటికి రాలేదు.

సోమవారం పెరటి తలుపు దగ్గరికి లచ్చమ్మ వచ్చింది. పిల్లను చంకలో వేసుకుని లాలాగూడనుంచి నడిచొచ్చింది. "ఏందమ్మా, మమ్మల్ని మరిసినవా? ఆ అర్ర ఊకె ఖాళీగున్నదని పేకపత్తాలాడేటోళ్ళు అడుగుతున్నరు. బుధవారం పగటీలి కూతకు నువ్వొచ్చి కూసుంటే మాకు, లేకుంటే వాళ్ళకట. మేమందరం వస్తం. నువ్వొస్తవా రావా, గా ముచ్చట చెప్పు" అంది. బుధవారం మధ్యాహ్నమే హైదరాబాదునుంచి ఎవరో పెద్దమనిషి భోజనానికి వస్తున్నాడు. ఆయన మెచ్చుకుంటే ఇలాంటి ఇళ్ళు ఇంకా పెట్టిస్తాడని సదాశివ వారం నుంచీ చెబుతున్నాడు. ప్రేమమణి పిల్ల చేతిలో బెల్లం ముక్క పెట్టింది. పిల్ల ఏదో అంది. ఆ బొంగురు గొంతులో ఏమందో ప్రేమమణికి అర్థం కాలేదు. "ఇంక కావాలంటున్నది" అని లచ్చమ్మ చెప్పింది.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆమె గిన్నెలు తోముతూ కూర్చుంది. బుధవారం తను వెళ్ళకపోతే ఆ గది పోతుంది. వెళ్తే ఈ ఇంటి పేరు పోతుంది, తాత పేరు కూడా పోతుందట. ఒక్కొక్క గిన్నే తోమి బోర్లిస్తూ, వాళ్ళన్న మాటల్ని ఒక్కొక్కటే మళ్ళీ అనుకుంది. తొందర లేకుండా అనుకుంది, ఇన్నాళ్ళూ వాటిని విన్నదే గానీ అనుకుని చూడలేదు. చివరి గిన్నె తోముతుంటే వేలికి బూడిదలోని నిప్పురవ్వ తగిలి చురుక్కుమంది. ఆమె చెయ్యి వెనక్కు లాక్కుంది. చాలా రోజుల తర్వాత చురుక్కుమనడం తెలిసింది.

బుధవారం పెద్దమనిషి వేళకే వచ్చాడు. తెల్లటి టోపీ, మంచి మనిషిలాగే ఉన్నాడు. బ్రహ్మచారి చాపలు పరిచాడు, జ్ఞానశేఖర్ విస్తళ్ళు వేశాడు. వంటింట్లో పొయ్యి రాజేసి ఉంది, ఎసరు పెట్టి ఉంది. బియ్యం కడిగి, పప్పు నానబోసి, వంకాయలు తరిగి నీళ్ళలో వేసి ఉన్నాయి. ఒక్కటీ ఉడకలేదు. ప్రేమమణి చేతులు కడుక్కుని, మొహం తుడుచుకుని, ఉతికిన చీర కట్టుకుని హాల్లోకి వచ్చింది.

"ఈమెనే అయ్యా, మా చెల్లె ప్రేమమణి" అని సదాశివ లేచి నిలబడ్డాడు. "హరిజన క్రైస్తవుల ఇంటి ఆడబిడ్డ. ఈ ఇంట్ల అందరం ఈమె చేతి వంటే..."

అప్పుడే లాలాగూడ వైపునుంచి మధ్యాహ్నం కూత వినిపించింది.

"నమస్కారమండీ" అంది ప్రేమమణి పెద్దమనిషితో. "నేను లాలాగూడ వెళ్తున్నాను. అక్కడ ఆడవాళ్ళు నాకోసం చూస్తుంటారు. ఎసరు కాగుతోంది, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. వండుకోవడమే."

సదాశివ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "గిట్ల జేస్తే ఎట్ల చెల్లె? ఇంత దూరమొచ్చిండు ఆయన. మీ వాళ్ళ చేతి వంట మేం తినమని అనుకోడా?"

ఆమె చెప్పులు తొడుక్కుంది.

"అనుకోరన్నా. జ్ఞానశేఖర్ మా పెద్దమ్మ కొడుకు, మా ఇద్దరికీ తాత ఒక్కడే. ఇవాళ అతని చేతి వంట తినండి."