తలుపు బయటి విస్తరి

మహానంది ఇంట్లో మూడు తరాలుగా ఆడపిల్ల పుట్టలేదు. ఇన్నాళ్లకు పుట్టిన తన కూతురికి పేరంటాలమ్మ అసలు పేరే పెట్టాలని అతని పట్టు. చిక్కల్లా ఒకటే. ఆ పేరేమిటో ఎవరికీ తెలియదని తల్లి సుంకులమ్మ తేల్చేసింది.

పేరంటాలమ్మ అంటే మహానంది తాతను కన్నతల్లి. 1877 నాటి ధాత కరువులో ముత్తైదువగా పోయి, ఇంటిని కాచే దేవత అయిందని చెప్పుకుంటారు. ఏటా భాద్రపదం తొలి శుక్రవారం గడప బయట ఆమెకు విస్తరి వేసి, కొర్రన్నం, పప్పు, బెల్లం వడ్డించి తలుపు మూసేస్తారు. పొద్దు గూకేదాకా తీయరు. ఎవరు తట్టినా పలకరు. ఎందుకని అడిగితే సుంకులమ్మ, "అమ్మ తినేటప్పుడు చూడగూడదు నాయనా" అనేది.

నందికొట్కూరు బడిలో పిల్లలకు అశోకుడి తాత పేరు చెప్పే అయ్యవారికి, తన తాత తల్లి పేరు తెలియకపోవడం నామర్దా కాదూ! ఆ ఏడు, 1956లో, సెలవు దొరికినప్పుడల్లా చుట్టుపక్కల ముసలివాళ్లను విసిగించి వదిలిపెట్టాడు. చివరికి ఒకాయన, కరువులో మీ ఊరి ఆడవాళ్లు కాలువ గట్టు పనికి పోయారనీ, అక్కడి మిషన్ చర్చిలో పేర్లు రాసిన పాత పుస్తకాలున్నాయనీ చెప్పాడు. మహానందికి తీరిక చిక్కింది సరిగ్గా ఆ తొలి శుక్రవారం నాడే. పొద్దున్నే బస్సెక్కాడు.

చర్చి చూసుకునే గాబ్రియేలుకు అరవై ఏళ్లు. ఊరి పేరు, ఇంటిపేరు విని, అట్ట ఊడిన సమాధుల పుస్తకం తీసి ఒక వరుస మీద వేలు పెట్టాడు. సంతోషమ్మ, పాత పేరు ఓబులమ్మ. పక్కన మహానంది ఊరు, ఇంటిపేరు. చనిపోయిన ఏడు 1911.

మహానంది ఆ ఏడును మళ్లీ చదివాడు.

"తప్పు రాసినారు పెద్దాయనా. ఆమె కరువులోనే పోయింది."

"నన్ను సాకింది ఆమేనయ్యవారూ. కరువులో గట్టున కంకర కొట్టిందంట. కూలి గింజలు ఇంటికంపి, తాను సర్కారోళ్లు పోసే గంజి తాగిందంట. వానలు పడినంక ఇంటికి పోతే, ఆ గంజి ఎవురు కాసినారో, కులం చెడిందని లోపలికి రానీలేదంట."

"మరి?"

"గడప బయట విస్తరేసి, తిని పొమ్మని తలుపేసినారు. పొద్దు గూకేదాంకా తట్టిందంట. లోపల మూడేండ్ల కొడుకు ఏడుస్తాండాడంట. మొగుడు పలకలేదంట. మళ్ల ఆమె సచ్చిపోయిందని దినాలు గూడా చేసినారు. అన్నీ చెప్పేది గానీ, ఆ విస్తట్లో అన్నం తిన్నెనో లేదో ఒక్కనాడూ చెప్పలేదు."

మహానంది లెక్క వేశాడు. ముప్పై నాలుగేళ్లు ఆమె ఇక్కడే బతికుంది. బతికున్న మనిషిని గడప దాటనివ్వని వాళ్లు, దేవతను చేసి దండాలు పెట్టుకున్నారు! చిన్నప్పటి నుంచీ ఆ గడియ పెట్టే పని మహానందిదే. అది గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. గడప బయట విస్తరి ఉంది. తలుపు మూసి ఉంది. తట్టాడు. లోపల పసిపిల్ల ఏడుస్తోంది.

"అమ్మా, నేను, మహానందిని."

ఎవరూ పలకలేదు. దబదబా బాదాడు. తల్లి గుసగుసగా పిల్లను ఊరుకోబెట్టడం వినబడింది. అతనికి కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

"ఓబులమ్మ వచ్చిండాది. తలుపు తీయండి."

లోపల గుసగుస ఆగిపోయింది. సుంకులమ్మ గొంతు తలుపు పక్క నుంచే వచ్చింది.

"ఆ పేరు నీకెవురు చెప్పినారు నాయనా? ఎవురికీ చెప్పొద్దని మా యత్త నాతో ఒట్టేయించుకునె గదా."

తలుపు మాత్రం తీయలేదు.